పాత సైకిల్ క్రోమ్‌ను మళ్లీ మెరిపించాలంటే

పాత సైకిల్ హ్యాండిల్ మీద గోధుమరంగు చుక్కలు కనిపించగానే క్రోమ్‌కి, అంటే మెరిసే క్రోమియం పూతకి, తుప్పు పట్టిందంటాం. నిజానికి ఆ తుప్పు క్రోమ్‌ది కాదు. క్రోమియానికి గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఎక్కడైనా గీత పడితే ఆ పొర అక్కడ మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. మనం చూసే తుప్పు అడుగున ఉన్న ఉక్కుది.

ఆ ఉక్కు మనం అనుకునేదానికంటే చాలా దగ్గర్లోనే ఉంటుంది. మెరిసే క్రోమ్ పూత మందం సాధారణంగా అర మైక్రాన్‌కు అటూఇటూ, అంటే తలవెంట్రుక మందంలో నూరో వంతు కంటే తక్కువ. దాని కింద అంతకు ఎన్నో రెట్లు మందమైన నికెల్ పొర ఉంటుంది. ఉక్కుకు నీరు తగలకుండా అసలు కాపలా కాసేది నికెలే. 1920లలో క్రోమ్ పూత వాడుకలోకి రాకముందు సైకిళ్లకు నికెల్ పూతే వేసేవారు. కాకపోతే నికెల్ గాలికి మసకబారుతుంది. పైన క్రోమ్ వేస్తే ఆ బాధ తప్పుతుంది, గీతలూ తొందరగా పడవు.

చిక్కంతా సూది మొనంత రంధ్రాలతోనే. పూతలో ఒక రంధ్రం ఉక్కు దాకా దిగి, అక్కడ చెమ్మ చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. నికెల్ కంటే ఇనుము తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది కాబట్టి కరిగిపోయేది ఇనుమే. చుట్టూ ఉన్న పూత విశాలం, బయటపడిన ఉక్కు చుక్కంత. అందుకే తుప్పు ఆ ఒక్కచోటే లోతుగా తవ్వుకుంటూ పోతుంది. జింకు పూత దీనికి పూర్తిగా వ్యతిరేకం: అక్కడ జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల ఉబ్బుతూ పూతను పైకి లేపేస్తుంది, పెచ్చులు ఊడేది అందుకే.

కాబట్టి మన పని పైకి తన్నుకొచ్చిన తుప్పును తీయడమే, పూతను అరగదీయడం కాదు. గరుకు కాగితం జోలికి అస్సలు పోవద్దు. దాని మీది రేణువులు క్రోమ్‌ను కూడా గీసేస్తాయి, అర మైక్రాన్ పూత ఆ రాపిడికి ఎంతసేపు నిలుస్తుంది? అన్నిటికంటే మంచి సాధనం అల్యూమినియం ఫాయిల్. కాస్త నలిపి, నీళ్లలో ముంచి, ఒత్తకుండా రుద్దాలి. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన, పొడిపొడిగా ఉండే తుప్పును మాత్రం లాగేస్తుంది. నీరు ఆ పొడిని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. సన్నని స్టీల్ ఊల్ కూడా పనిచేస్తుంది గానీ, దాని ముక్కలు మూలల్లో ఇరుక్కుంటే అవే తుప్పు పడతాయి.

మొండి మచ్చలకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన నీళ్లు లేదా వెనిగర్ వాడొచ్చు. అవి ఐరన్ ఆక్సైడ్‌ను నెమ్మదిగా కరిగిస్తాయి. అలాగని రాత్రంతా నానబెడితే బయటపడిన ఉక్కునూ తినేస్తాయి. పని కాగానే బాగా కడిగి, వెంటనే పొడిగా తుడవాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్లతో రుద్దొచ్చని ఎవరైనా చెబితే వినకండి, ఆ ఆమ్లం క్రోమియాన్నే కరిగిస్తుంది.

పెచ్చులూడిన చోట ఎంత పాలిష్ చేసినా క్రోమ్ తిరిగి రాదు. కొత్త పూత వేయించాలంటే పాతది పూర్తిగా తీసి, గుంతలు సరిచేసి, మళ్లీ నికెల్ నుంచి మొదలుపెట్టాలి. ఆ పనిలో ఎక్కువగా వాడే క్రోమిక్ ఆమ్లంలోని ఆరు వేలెన్సీల క్రోమియం క్యాన్సర్ కారకం. ఇంట్లో ప్రయత్నించే పని కానే కాదు.

శుభ్రమైన పూత మీద పల్చగా మైనం పట్టిస్తే ఆ రంధ్రాల్లోకి చెమ్మ దిగడం బాగా తగ్గుతుంది. వానలో తడిసినప్పుడల్లా తుడిచి, మైనం అరిగిందనిపిస్తే మళ్లీ పూయాలి. రిమ్ము అంచున బ్రేకు పట్టే చోట మాత్రం మైనమూ నూనే తగలనివ్వకండి, బ్రేకు జారిపోతుంది.