అంతా వదిలేసి, కావలసినది తిరిగి తీసుకునే మూత్రపిండాలు

మూత్రపిండాలను జల్లెడతో పోల్చడం మనకు అలవాటు. రక్తంలోని మలినాలను అవి పట్టి బయటికి పంపుతాయని బడిలో చదువుకున్న జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. ఆ పోలిక పూర్తిగా తప్పు కాదు గానీ, జరిగే పనిని తలకిందులు చేసి చూపిస్తుంది. మూత్రపిండం చాలావరకు మలినాలను వెతికి పట్టుకోదు. రక్తకణాలను, పెద్ద ప్రొటీన్లను మాత్రం ఆపి, మిగిలిన ద్రవాన్ని అందులోని ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు, యూరియాతో సహా ముందు బయటికి వదిలేస్తుంది. ఆ తరువాత అందులోంచి శరీరానికి అవసరమైనదాన్ని తిరిగి లోపలికి తీసుకుంటుంది. ప్రధానంగా, అలా తీసుకోగా మిగిలినదే మూత్రం. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మూత్రపిండాల జబ్బులు ఎలా మొదలవుతాయో, అవి ఏళ్ల తరబడి ఎందుకు బయటపడవో అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

ఇంత పనికి ఉన్న సరంజామా చాలా చిన్నది. నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరోవైపున, పేగుల వెనుక వీపు గోడకు ఆనుకుని ఉండే ఒక్కో మూత్రపిండం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు సుమారు 150 గ్రాములు. కుడివైపు పైన కాలేయం ఉండటం వల్ల ఆ వైపుది ఎడమదాని కంటే కొంచెం దిగువన ఉంటుంది. రెండూ కలిపినా శరీరం బరువులో అర శాతానికి మించవు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి ఒక లీటరుకు పైగా, వీటి గుండానే ప్రవహిస్తుంది. వాటి సొంత పోషణకు ఇంత రక్తం అక్కర్లేదు. అది వడపోత కోసం వచ్చే రక్తం.

ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ఒక కొసన రక్తకేశనాళికల చిన్న కుచ్చు, దాని చుట్టూ గిన్నెలాంటి గుళిక, ఆ గుళిక నుంచి మెలికలు తిరుగుతూ సాగే సన్నని గొట్టం. కుచ్చులోకి రక్తాన్ని తెచ్చేదీ ధమనే, బయటికి తీసుకుపోయేదీ ధమనే. శరీరంలో మిగతాచోట్ల కేశనాళికల అవతల సిర ఉంటుంది కనుక ఒత్తిడి త్వరగా పడిపోతుంది. ఇక్కడ మాత్రం అవతల కూడా బిగించగల ధమని ఉండటం వల్ల లోపలి ఒత్తిడి మామూలు కేశనాళికల్లో కంటే దాదాపు రెట్టింపుగా నిలబడుతుంది. ఆ ఒత్తిడికే ద్రవం గోడల గుండా గుళికలోకి చిమ్ముతుంది. రెండు మూత్రపిండాల్లో కలిపి ఇలా వడకట్టబడే ద్రవం నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు. మన రక్తంలో ఉండే ప్లాస్మా మూడు లీటర్లే కనుక, అదే ద్రవం రోజుకు అరవైసార్లు ఈ దారిన వెళ్లి వస్తుందన్నమాట. ఆ 180 లీటర్లలో ఒకటిన్నర కిలోల దాకా ఉప్పు, 180 గ్రాముల దాకా గ్లూకోజు కొట్టుకుపోతాయి. చివరికి మూత్రంగా వచ్చేది మాత్రం ఒకటిన్నర లీటర్లే. అందులో ఉప్పు కొద్ది గ్రాములు, గ్లూకోజు దాదాపు శూన్యం.

వదిలేయడం, తిరిగి తీసుకోవడం అనే ఈ రెండంచెల పద్ధతిని కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1842లోనే ఊహించాడు. విలియం బౌమన్ ఆ గుళికను వివరంగా వర్ణించింది కూడా అదే సంవత్సరం. అయితే ఊహను కళ్లారా రుజువు చేయడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1920ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడ్ రిచర్డ్స్, జోసెఫ్ వెర్న్ కప్ప మూత్రపిండాన్ని సూక్ష్మదర్శిని కింద ఉంచి, అత్యంత సన్నగా సాగదీసిన గాజు సూదిని ఒకే ఒక్క గుళికలోకి దింపి, అందులోని ద్రవాన్ని పీల్చారు. గుళికలోంచి తీసిన ఆ కాస్త ద్రవంలో చక్కెర, క్లోరైడు ఉన్నాయి. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో అవి లేవు. అంటే దారి మధ్యలో ఎక్కడో గొట్టం వాటిని వెనక్కి తీసుకుంది. శరీరశాస్త్రంలో ఇంత తక్కువ ద్రవం ఇంత పెద్ద వాదాన్ని తేల్చిన సందర్భాలు అరుదు.

గొట్టంలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. గుళికను దాటిన వెంటనే వచ్చే మెలికల భాగంలో కణాల లోపలి అంచు కుచ్చుల బ్రష్షులా ఉంటుంది. వడకట్టిన నీటిలో, ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తంగా ఇక్కడే తిరిగి రక్తంలో కలుస్తాయి. కణాలు సోడియాన్ని ఒకవైపు నుంచి నిరంతరం బయటికి తోడుతుంటాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి గొట్టంలోని సోడియం లోపలికి వస్తూ గ్లూకోజును కూడా వెంటబెట్టుకొస్తుంది. గ్లూకోజును మోసే ఈ ప్రొటీన్ల సామర్థ్యానికి హద్దు ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అవి మోయలేనిది మూత్రంలోకి జారిపోతుంది, తనతో నీటినీ లాక్కుపోతుంది. మధుమేహంలో మాటిమాటికీ మూత్రం రావడానికీ, విపరీతమైన దాహానికీ కారణం ఇదే.

ఆ తరువాత గొట్టం మూత్రపిండం లోలోపలికి దిగి, మలుపు తిరిగి మళ్లీ పైకి వస్తుంది. దీన్ని హెన్లీ శిక్యం అంటారు. పైకి వచ్చే భాగం నీటిని పోనివ్వకుండా ఉప్పును మాత్రమే చుట్టుపక్కల కణజాలంలోకి తోడుతుంది. దిగే భాగం నీటిని పోనిస్తుంది. ఎదురెదురు దిశల్లో సాగే ఈ రెండు ప్రవాహాల వల్ల మూత్రపిండం లోతుల్లో లవణ గాఢత రక్తంలో కంటే నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. చిట్టచివరి సంగ్రహణ నాళం ఆ ఉప్పు నేల గుండానే కిందికి దిగాలి. శరీరంలో నీరు తగ్గినప్పుడు మెదడు అడుగునున్న పీయూష గ్రంథి వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఆ సంకేతం అందగానే నాళం గోడల్లోకి ఆక్వాపోరిన్ అనే నీటి ద్వారాలు వచ్చి చేరతాయి, నీరు వాటి గుండా ఉప్పు వైపు లాగబడి రక్తంలోకి వెళ్తుంది. ఈ ద్వారాలను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రంతా నీళ్లు తాగని మనకు తెల్లవారి వచ్చే మూత్రం ముదురు రంగులో ఉండటం వెనుక ఉన్నది ఈ ఏర్పాటే.

మూత్రపిండాలు హార్మోన్లనూ తయారుచేస్తాయి. రక్తపోటు తగ్గితే రెనిన్‌ను వదిలి దాన్ని పెంచుతాయి, ఎరిత్రోపొయిటిన్ ద్వారా ఎర్ర రక్తకణాల తయారీని నడిపిస్తాయి, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. అందుకే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో రక్తహీనత, ఎముకల బలహీనత, అధిక రక్తపోటు కలిసి కనిపిస్తాయి.

తయారైన మూత్రం 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవున్న మూత్రనాళాల గుండా మూత్రాశయానికి చేరుతుంది. అది వాలుకు జారిపోదు; నాళం గోడల్లోని కండరాలు నిమిషానికి కొన్నిసార్లు అలలుగా ముడుచుకుంటూ దాన్ని కిందికి నెడతాయి. నాళాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా చొచ్చుకుపోవడం వల్ల, మూత్రాశయం నిండినప్పుడు ఆ దారి నొక్కుకుపోయి మూత్రం వెనక్కి ఎగదన్నదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ ఏర్పాటు సరిగా ఉండదు. వారికి ఇన్‌ఫెక్షన్లు మళ్లీమళ్లీ వచ్చి మూత్రపిండాలపై మచ్చలు పడతాయి కనుక, చిన్నపిల్లల్లో కారణం తెలియని జ్వరానికి మూత్ర పరీక్ష తప్పక చేయించాలి. పెద్దల్లో ఇన్‌ఫెక్షన్ స్త్రీలకే ఎక్కువ. వారి ప్రసేకం, అంటే మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టం, పొడవు నాలుగు సెంటీమీటర్లే కావడంతో పేగుల్లో నివసించే ఇ.కోలై బాక్టీరియా సులువుగా మూత్రాశయానికి చేరుతుంది. మంట, మాటిమాటికీ మూత్రం రావడం మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ లక్షణాలు. వాటికి చలిజ్వరం, నడుము పైభాగాన నొప్పి తోడైతే అది మూత్రపిండం దాకా పాకిందని అనుమానించి వెంటనే వైద్యుణ్ణి కలవాలి. వయసు పైబడిన పురుషుల్లో ప్రసేకాన్ని చుట్టి ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

రాళ్ల కథ కూడా నీటిని వెనక్కి తీసుకోవడంతోనే ముడిపడి ఉంది. నీరు ఎంత ఎక్కువగా తిరిగి లోపలికి పోతే మిగిలిన మూత్రంలో లవణాలు అంత చిక్కబడతాయి, ఒక దశ దాటాక స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేటువి. మూత్రపిండంలో ఉన్నంతసేపు రాయి తరచుగా ఏ బాధా పెట్టదు; మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న మూత్రనాళంలోకి జారి ఇరుక్కున్నప్పుడు మాత్రం నాళం దాన్ని నెట్టడానికి బలంగా ముడుచుకుంటుంది, వెనుక మూత్రం నిలిచి మూత్రపిండం ఉబ్బుతుంది. వీపు పక్క నుంచి గజ్జల వైపు దూసుకొచ్చే ఆ నొప్పి ఉన్నవారు ఏ భంగిమలోనూ కుదురుగా ఉండలేరు. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పెద్దవాటిని శరీరాన్ని కోయకుండా ధ్వని తరంగాలతో పొడిచేసే పద్ధతిని 1980లో మ్యూనిక్‌లో తొలిసారి మనిషిపై ప్రయోగించారు. ఇక్కడ ఒక అపోహను సరిదిద్దాలి. రాళ్లు కాల్షియంవి కనుక ఆహారంలో కాల్షియం మానేయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆహారంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టి ఉంచుతుంది. దాన్ని మానేస్తే ఆక్సలేటు ఎక్కువగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. తగ్గించాల్సింది ఉప్పు. పెంచాల్సింది నీరు, రోజుకు కనీసం రెండు లీటర్ల మూత్రం వచ్చేంతగా. ఈ సలహా రాళ్ల ధోరణి ఉన్నవారికే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి, గుండె బలహీనపడినవారికి అదే నీరు ప్రమాదం కాగలదు.

రాయి అరిచి చెబుతుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చెప్పదు. దీనికి మధుమేహం, అధిక రక్తపోటు ప్రధాన కారణాలు; రెండూ కేశనాళికల కుచ్చులనే దెబ్బతీస్తాయి. మనిషి పుట్టాక కొత్త నెఫ్రాన్లు తయారుకావు. కొన్ని చనిపోతే వాటి పనిని మిగిలినవి పంచుకుంటాయి, ఒక్కోటీ మామూలు కంటే ఎక్కువ ద్రవాన్ని వడకడుతుంది. అందుకే సగం పోయినా మనిషికి ఏమీ తెలియదు. కానీ ఆ అదనపు పనికి కావలసిన అదనపు ఒత్తిడే మిగిలిన కుచ్చులనూ క్రమంగా గట్టిపరిచి చంపుతుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇది: శరీరం మనల్ని కాపాడటానికి చేసే సర్దుబాటే జబ్బును దాచిపెడుతుంది, ముందుకూ నడుపుతుంది.

పరీక్ష కాగితం కూడా ఇక్కడ మోసం చేయగలదు. కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థం, వడపోత సగానికి పడితే, రక్తంలో దాదాపు రెట్టింపవుతుంది. ఒకరికి మొదట్లో డెసిలీటరుకు 0.6 మిల్లీగ్రాములు ఉండి, వడపోత సగమయ్యాక 1.2 అయిందనుకోండి, ఆ అంకె చాలా ప్రయోగశాలల నార్మల్ హద్దుల్లోనో, వాటి అంచునో ఉండటం వల్ల ఎవరూ పట్టించుకోరు. అందువల్ల క్రియాటినిన్‌ను ఒంటరిగా చూడకుండా, వయసునూ లింగాన్నీ లెక్కలోకి తీసుకుని వడపోత వేగాన్ని అంచనా వేయాలి. అంతకన్నా ముందుగా హెచ్చరించగలది మూత్రంలోకి జారే అల్బుమిన్ అనే రక్తపు ప్రొటీన్. కుచ్చుల గోడ చెడిందనడానికి అది తొలి ఆనవాలు. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ దాటితే జాగ్రత్తపడాలి. నురుగు తేలి చాలాసేపటికి గానీ అణగని మూత్రం, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు ప్రొటీన్ బాగా పోతున్నప్పుడు కనిపిస్తాయి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికొకసారి ఈ చిన్న మూత్ర పరీక్ష, దానితోపాటు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. నడుము నొప్పి వచ్చినప్పుడల్లా కిడ్నీ చెడిందేమోనని భయపడేవారు చాలామందే, ఏ నొప్పీ లేనప్పుడు ఈ పరీక్షలు చేయించుకునేవారు మాత్రం తక్కువ.

త్వరగా పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంది. రెనిన్ పనిని అడ్డుకునే రక్తపోటు మందులు కుచ్చు నుంచి బయటికి పోయే ధమనిని సడలించి లోపలి ఒత్తిడిని తగ్గిస్తాయి. మధుమేహం కోసం వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలు గ్లూకోజును, సోడియాన్ని తిరిగి తీసుకునే ప్రొటీన్‌నే ఆపి, ఆ దారిన కుచ్చులపై భారాన్ని తగ్గిస్తాయి. మధుమేహం లేని మూత్రపిండ రోగులకూ ఇవి మేలు చేస్తున్నాయి. ఇందుకు విరుద్ధంగా, సలహా లేకుండా రోజుల తరబడి వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు లోపలికి వచ్చే ధమనిని బిగిస్తాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిని మింగితే మూత్రపిండాలు ఒక్కసారిగా ఆగిపోవచ్చు.

పూర్తిగా విఫలమైతే మిగిలేవి డయాలసిస్, మార్పిడి. నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ 1943లో, యుద్ధకాలపు కొరతల మధ్య, సెల్లోఫేన్ గొట్టాన్ని తిరిగే డ్రమ్ముకు చుట్టి, ఆచరణలో పనికొచ్చే తొలి డయాలసిస్ యంత్రాన్ని తయారుచేశాడు. 1945లో దానివల్ల ఒక మహిళ ప్రాణాలు నిలిచాయి. నేటి యంత్రాలు ఎంతో మెరుగైనవే. అయినా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున పన్నెండు గంటలు పనిచేసే యంత్రం 168 గంటలూ పనిచేసే అవయవానికి సాటిరాదు. ముఖ్యంగా ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో క్షణక్షణం బేరీజు వేసుకునే గొట్టపు కణాలు అందులో లేవు.

1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒకేలాంటి కవల సోదరుల్లో ఒకరి మూత్రపిండాన్ని రెండోవారికి అమర్చి, విజయవంతమైన తొలి మార్పిడి చేసింది. గ్రహీత ఎనిమిదేళ్లు బతికాడు, దాత 2010 దాకా జీవించాడు. దాతలో మిగిలిన మూత్రపిండం కొన్ని వారాల్లోనే పెద్దదై, మునుపు రెండూ కలిసి చేసిన వడపోతలో దాదాపు 70 శాతాన్ని ఒంటరిగా అందుకుంటుంది. నెఫ్రాన్ల సంఖ్య పెరగదు. ఉన్నవే ఉబ్బి ఎక్కువ పనిచేస్తాయి. జబ్బు మనిషిలో చేటుచేసే ఈ అదనపు పనిని ఆరోగ్యవంతుడైన దాత ఎక్కువగా తట్టుకోగలుగుతాడు. ఎందుకంటే అక్కడ పది లక్షల నెఫ్రాన్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటిని అరగదీసే చక్కెర గానీ రక్తపోటు గానీ లేదు. ఆ రెండూ కొత్తగా వచ్చాయేమో చూడటానికే దాతలను ప్రతి ఏటా పిలిచి రక్తపోటు కొలుస్తారు, రక్తంలో చక్కెర, క్రియాటినిన్ చూస్తారు, ఒక చిన్న సీసాలో మూత్రం పట్టి అల్బుమిన్ కోసం వెతుకుతారు.