అంబలిలో ఉండలు, సముద్రంలో బాంబులు

గోపాలపూర్ ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు పాట తెలుగులో సాగుతుంది, ఐస్ పెట్టెల దగ్గర బేరం ఒడియాలో జరుగుతుంది. ఒడియావాళ్ళు మన జాలర్లని నోలియాలంటారు. మూడేళ్ళ కిందట ఓ పొద్దున ఆ వలలో చేపలతోబాటు తుప్పుపట్టిన ఇనపడ్రమ్ము ఒకటి వచ్చింది. మూత బిగించే ఉంది. కదిపితే లోపల ఏదో చప్పుడు. నేను బరంపురంలో కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్తానని తెలిసిన పెద్దాయన ఒకాయన ఫోన్ చేశాడు.

"ఇదేటి మేస్టారూ? బాంబు కాదు గదా?"

ముట్టుకోకండి, పోలీసులకి చెప్పండి అన్నాను. సాయంత్రానికి తేలిందేమిటంటే, అందులో ఉన్నది ఉప్పునీళ్ళూ, అడుగున కాస్త తారూను. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను గానీ, ఆ ప్రశ్న వింటే నవ్వని జాలర్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళది బాల్టిక్ సముద్రం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో విషవాయు బాంబులు గుట్టలు గుట్టలుగా దొరికాయి. గెలిచినవాళ్ళకి తోచిన సులువైన ఉపాయం, ఓడల్లో వేసుకెళ్ళి సముద్రంలో పారేయడం. ఇనుము బరువుతో కలిపి సుమారు 40 వేల టన్నులు ఒక్క బాల్టిక్‌లోనే మునిగాయి. ఎక్కువ భాగం డెన్మార్క్‌కి చెందిన బోర్న్‌హోమ్ దీవి చుట్టుపక్కలే. అక్కడి వలల్లో అప్పుడప్పుడు మైనంలాగో బంకమట్టిలాగో ఉండే ముద్దలు పడుతుంటాయి. చేత్తో తీసి పారేస్తే ఆ క్షణాన ఏమీ అనిపించదు. కొన్ని గంటలయ్యాక చేతులు మండి, పెద్ద పెద్ద బొబ్బలు లేస్తాయి. అది మస్టర్డ్ గ్యాస్.

పేరులో గ్యాస్ ఉన్నా అది నిజానికి నూనెలాంటి ద్రవం. ఆవాలకీ దానికీ చుట్టరికం లేదు, వాసన చూసి పెట్టిన పేరు. 14 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి, ఆ చల్లని సముద్రం అడుగున అది గడ్డగానే ఉంటుంది. ఇక్కడ మా పిల్లలు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మస్టర్డ్‌ని నీళ్ళు విరగ్గొడతాయని మీరే చెప్పారు కదా, మరి సముద్రంలో డెబ్భై ఎనభై ఏళ్ళు నానినా ఎందుకు పోలేదు?"

మంచి ప్రశ్న. నీళ్ళు దాన్ని విరగ్గొడతాయన్నది నిజమే. మస్టర్డ్ అణువుకి రెండు చివర్లా క్లోరిన్ ఉంటుంది, దాని కోరలు అవే. నీటిలో కరిగిన మస్టర్డ్‌కి ఆ కోరలు నిమిషాల్లో ఊడిపోతాయి. చిక్కల్లా ఆ కరగడంలోనే ఉంది. చోడంబలి కాచేటప్పుడు మరుగుతున్న నీళ్ళలో పిండి ఒక్కసారిగా గుమ్మరిస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. ఉండ పైపొర ఉడికి జిగురవుతుంది, ఆ జిగురు దాటి నీళ్ళు లోపలికి పోలేవు. చిదిమి చూస్తే లోపల పొడిపిండి అలాగే ఉంటుంది. సముద్రం అడుగున మస్టర్డ్ పనీ అంతే. నీళ్ళు తగిలిన పైపొర మారిపోయి పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు మాటున అసలు విషం దశాబ్దాలపాటు దాక్కుంటుంది.

అంబలి ఉండ కట్టకుండా మా అమ్మ ఏం చేసేదో మస్టర్డ్‌ని నాశనం చేసే ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతిగా అదే చేస్తారు. బాగా వేడి నీళ్ళు, ఆపకుండా కలియబెట్టడం. తర్వాత కాస్టిక్ సోడా వేసి, పుట్టిన ఆమ్లాన్ని చంపుతారు.

కాస్టిక్ సోడా అన్నానుగా, ఒక ముచ్చట. మా గంజాం జిల్లాలో హుమ్మ దగ్గర ఉప్పుమళ్ళున్నాయి. అలాంటి ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపిస్తే ఒక పక్క క్లోరిన్, ఇంకో పక్క కాస్టిక్ సోడా వస్తాయి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ని గాలిలోకి వదిలింది. ఆధునిక రసాయన యుద్ధం అక్కడే మొదలైందంటారు. క్లోరిన్‌తోబాటు పుట్టిన ఆ కాస్టిక్ సోడాయే ఇవాళ మస్టర్డ్ తొట్టెల్లో ఆమ్లాన్ని చంపేది, సారిన్ అనే నరాల విషాన్ని విరగ్గొట్టేదీ. సారిన్ 1938లో జర్మనీలో పురుగుమందుల పరిశోధనలో పుట్టింది. అందుకే పురుగుమందు తాగినవాళ్ళకి ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షనే దానికీ విరుగుడు. సారిన్‌లో ఫాస్ఫరస్‌ని పట్టుకుని ఒక ఫ్లోరిన్ ఉంటుంది. కాస్టిక్ సోడా దాన్ని ఊడబెరికేస్తుంది, అంతటితో సారిన్ చచ్చినట్టే.

ఇంత సులువైతే అమెరికాకి తన రసాయనాయుధాల నిల్వలు ఖాళీ చేయడానికి 2023 దాకా ఎందుకు పట్టింది? విషాన్ని విరచడం తేలికే, విషం ఉన్న గుండుని విప్పడమే కష్టం. ఎం55 అనే రాకెట్ సంగతే చూడండి. పల్చటి అల్యూమినియం గొట్టంలో సారిన్, దాని పక్కనే పేలుడు మందు, వెనకాల రాకెట్‌ని తోసే ఇంధనం. సారిన్ మెల్లమెల్లగా అల్యూమినియాన్ని తినేసి కారుతుంది. ఇలాంటిదాన్ని మనిషి చేత్తో ఎవరు విప్పుతారు? మందపాటి గోడల వెనక రోబోలతో ఒక్కొక్కటీ కోయించాలి. కొలరాడోలోని ప్యూబ్లోలో ఏడు లక్షల ఎనభై వేలకు పైగా మస్టర్డ్ గుండ్లని ఇలాగే తీశారు. పేలుడు మందు బయటికి లాగి, లోపలి మస్టర్డ్‌ని జోరైన నీటిధారతో కడిగారు. ఆఖరి ఎం55 కెంటకీలోని బ్లూ గ్రాస్ డిపోలో 2023 జులై 7న ముగిసింది. దాంతో ప్రపంచ దేశాలు లెక్క చెప్పిన 72 వేల టన్నుల పైచిలుకు విషం మొత్తం ఖాళీ అయింది. లెక్క చెప్పినంత వరకే సుమా.

ఆలస్యానికి జనం కూడా ఒక కారణం, అది నాకు తప్పుగా తోచదు. సైన్యం కొలిమిలో కాల్చేస్తామంది. ఆ పొగ మా పిల్లలమీద పడొద్దని కెంటకీవాళ్ళు 1980ల నుంచీ అడ్డం తిరిగారు. చివరికి అక్కడా ప్యూబ్లోలోనూ కాల్చడం మానేసి, నీళ్ళతో కాస్టిక్‌తో విరిచే దారి పట్టారు.

2013 అక్టోబరు 11న, హేగ్‌లో ఉండే రసాయనాయుధాల నిషేధ సంస్థకి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. ఆ రోజు మా ఇంట్లో ఆ వార్త ఎవరూ వినలేదు. ఫైలిన్ తుఫాను వచ్చేస్తోందని అందరం కిటికీలకి చెక్కలు కొట్టుకుంటున్నాం. మర్నాడు రాత్రి అది గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు వచ్చాక, పాత పేపర్లలో చదివాను. ఆ సంస్థ అప్పుడు సిరియా వదులుకున్న రసాయనాయుధాల విషాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని తల పట్టుకుని ఉంది. అడిగిన దేశాలు మా గడ్డమీద వద్దన్నాయి. చివరికి 2014లో కేప్ రే అనే అమెరికా ఓడలోనే యంత్రాలు బిగించి, మధ్యధరా సముద్రం మీద తేలుతూ, సుమారు 600 టన్నుల సారిన్ ముడిసరుకునీ మస్టర్డ్‌నీ నీళ్ళతో విరిచారు. ఆగస్టుకల్లా పనైపోయింది. చుక్క కూడా సముద్రంలోకి వదల్లేదు. అందుకని మిగిలిన మురుగు, అసలు సరుకుకి దాదాపు పదింతలు! దాన్ని ఫిన్లాండ్‌కీ జర్మనీకీ మోసుకెళ్ళి అక్కడ శుద్ధి చేయించారు.

ఈ మురుగు సంగతి జనం పట్టించుకోరు గానీ, సగం కథ అదే. మస్టర్డ్ విరిగితే థయోడైగ్లైకాల్ అనేది మిగులుతుంది. దానంతట అది పెద్ద ప్రమాదకారి కాదు. సిరాల్లో, బట్టల అద్దకంలో వాడతారు. కానీ వెనక్కి తిప్పితే మళ్ళీ మస్టర్డ్ అయ్యే వీలుంది కాబట్టి, అంతర్జాతీయ నిఘా జాబితాలో అదీ ఉంది. ప్యూబ్లోలో ఆ నీళ్ళని బ్యాక్టీరియాకి మేతగా పెట్టారు. అవి తినేస్తే ఇక తిరిగొచ్చే దారి లేదు. ఆర్సెనిక్ ఉన్న విషాలకి మాత్రం ఈ అదృష్టం లేదు. అణువుని విరవగలం, మూలకాన్ని విరవలేం. ఆ ఆర్సెనిక్‌ని ఎక్కడో ఒకచోట భద్రంగా కట్టిపెట్టి ఉంచాల్సిందే.

మన దేశం సంగతికొస్తే, 1993 జనవరిలో రసాయనాయుధాలని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1997 జూన్‌లో తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ ఉందని బయటపెట్టింది. 2009 మార్చికల్లా మొత్తం నాశనం చేసింది, గడువు కన్నా ముందే. ఈ విషయంలో మనవాళ్ళని మెచ్చుకోవాలి. యుద్ధంతో పనిలేని విషం దగ్గరే మన పద్ధతి వేరు. భోపాల్ ఫ్యాక్టరీలో 1984 నుంచి పడి ఉన్న 337 టన్నుల చెత్త 2025 జనవరిలో గానీ పీథంపూర్‌లోని కాల్చే ప్లాంటుకి కదల్లేదు. అక్కడివాళ్ళు రోడ్డెక్కారు. ఆ ఏడు జూన్ చివరికి కాల్చడం పూర్తయింది. సున్నం కలిపి కాల్చారు కాబట్టి, మిగిలిన బూడిద అసలు చెత్తకన్నా ఎక్కువ తూగింది.

ఒప్పందంలో ఒక షరతు ఉంది. రసాయనాయుధాలని నీళ్ళలో పారేయకూడదు, నేలలో పాతకూడదు, బయట మంటపెట్టి కాల్చకూడదు. అంతకుముందు ప్రపంచం చేసిన పనులన్నీ వరసగా అవే!

ఆ డ్రమ్ము సంగతి చెప్పడం మరిచాను. అందులో ఉన్నది తారేనని తేలాక దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. ఎవరిదో తెలీదు, ఎక్కడ పారేయాలో తెలీదు. నెలరోజులు ఒడ్డునే దొర్లింది. పిల్లలు దానిమీద కూచుని జీడిపప్పులు తిన్నారు. తర్వాత ఎప్పుడో కనబడకపోతే పెద్దాయన్ని అడిగాను. అమాస పోటుకి మళ్ళీ లోపలికి పోయిందన్నాడు.