నూట ముప్పై ఏళ్లుగా తెగని కిప్లింగ్ తగువు

2018 జులైలో మాంచెస్టర్ యూనివర్సిటీ విద్యార్థి సంఘం భవనాన్ని బాగుచేస్తూ, గోడ మీద రుడ్యార్డ్ కిప్లింగ్ కవిత ‘ఇఫ్’ రాయించారు. విద్యార్థి ప్రతినిధులు ఒప్పుకోలేదు. భారతదేశంలో బ్రిటిష్ పాలనను సమర్థించినవాడు, తెల్లవాళ్లు కానివాళ్లను మనుషులుగా చూడనివాడు మా గోడ మీద ఎందుకని ఆ కవిత మీద రంగు పూసేశారు. అదే చోట అమెరికన్ నల్లజాతి కవయిత్రి మాయా ఏంజెలో కవిత ‘స్టిల్ ఐ రైజ్’ రాశారు. ఇంగ్లండ్ పత్రికల్లో పెద్ద దుమారమే రేగింది. వందేళ్ల నాటి కవిని నేటి విలువలతో తూకం వేస్తారా అని కొందరు కోప్పడ్డారు, ఇన్నాళ్లకైనా కళ్లు తెరిచారని కొందరు మెచ్చుకున్నారు. వినేవాళ్లకు ఇదేదో ఈ తరం తెచ్చిపెట్టిన తగువనిపిస్తుంది. కానీ కిప్లింగ్ బతికుండగానే, ఇంగ్లండ్‌లోనే, ఇంగ్లిష్ విమర్శకులే ఇంతకంటే ఘాటుగా తిట్టారు.

కిప్లింగ్ పుట్టింది 1865 డిసెంబర్ 30న, బొంబాయిలో. తండ్రి లాక్‌వుడ్ కిప్లింగ్ అక్కడి ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు, తర్వాత లాహోర్ మ్యూజియం క్యూరేటర్ అయ్యాడు. పిల్లవాడు ఆయా దగ్గర, నౌకర్ల దగ్గర పెరిగాడు. వాళ్ల భాషలోనే ఆలోచించేవాడినని, కలలు కూడా అందులోనే వచ్చేవని, అమ్మానాన్నల దగ్గరికి వెళ్లేముందు ‘ఇక ఇంగ్లిష్‌లో మాట్లాడు’ అని గుర్తుచేసి పంపేవాళ్లని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆరేళ్లు నిండకముందే అతన్నీ చెల్లెలినీ ఇంగ్లండ్‌లో ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లో వదిలేసి తల్లిదండ్రులు తిరిగొచ్చేశారు. ఆ ఇంట్లో దెబ్బలూ అవమానాలూ తిన్న ఏళ్లను అతను జీవితాంతం మరిచిపోలేదు.

1882లో, పదిహేడేళ్లయినా నిండకుండా, లాహోర్ వచ్చి పత్రికలో చేరాడు. తర్వాత అలహాబాద్ పత్రిక. పేపర్లో ఖాళీలు నింపడానికి రాసిన కథలే అతన్ని రచయితను చేశాయి. 1888లో వీలర్ కంపెనీ వాటిని రూపాయి పుస్తకాలుగా రైల్వే స్టేషన్లలో అమ్మింది. మరుసటి ఏడాది లండన్ చేరాడు. పాతికేళ్లయినా రాకముందే అక్కడ ఎక్కడ చూసినా అతని పేరే.

తగువు కూడా అప్పుడే మొదలైంది. తనకు తెలిసినవాళ్లలో ఇంతటి ప్రతిభావంతుడు లేడని 1892లో నవలాకారుడు హెన్రీ జేమ్స్ ఉత్తరం రాశాడు, తర్వాత్తర్వాత నిరాశపడ్డాడు. 1890లోనే ఆస్కార్ వైల్డ్, ఈ కథలు చదువుతుంటే తాటిచెట్టు కింద కూర్చుని నాటుతనపు మెరుపుల వెలుగులో జీవితాన్ని చదువుతున్నట్టుందన్నాడు. మెచ్చుకోవడం, చిన్నచూపు చూడటం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. రాజకీయం ఇంకా రాలేదు. అప్పటికి పేచీ అంతా అభిరుచి మీదే. బారకాసుల్లో సిపాయిలు మాట్లాడే భాషను కవిత్వంలోకి తెస్తే పెద్దమనుషులకు మింగుడుపడలేదు.

1899తో కథ మారింది. అమెరికా ఫిలిప్పీన్స్‌ను పట్టుకున్న సందర్భంలో కిప్లింగ్ ‘ద వైట్ మ్యాన్స్ బర్డెన్’ రాశాడు. వెనకబడిన జాతులను పాలించడం తెల్లవాడి మీద పడిన భారమట. దక్షిణాఫ్రికాలో డచ్ సంతతివాళ్లతో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధంలోనూ సామ్రాజ్యం తరఫునే గొంతెత్తాడు. అదే ఏడాది రాబర్ట్ బుకానన్ అనే కవి ‘ద వాయిస్ ఆఫ్ ద హూలిగన్’ (రౌడీ గొంతు) అని పెద్ద వ్యాసం రాశాడు. మనిషిలో ఉన్న అజ్ఞానం, స్వార్థం, క్రూరత్వం అన్నిటి పక్షానా నిలబడ్డ గొంతు ఇదని అందులో తీర్పిచ్చాడు. మాంచెస్టర్ విద్యార్థుల అభియోగం దీని ముందు మెత్తనిదే.

1907లో నలభై ఒక్క ఏళ్లకే నోబెల్ వచ్చింది. సాహిత్యానికి ఆ బహుమతి అందుకున్న తొలి ఇంగ్లిష్ రచయిత అతనే. ఇక ‘ఇఫ్’ 1910 నాటి పుస్తకంలో వచ్చింది. మన దగ్గర కూడా కొన్ని స్కూళ్ల గోడల మీద కనిపించే ఆ కవితకు ప్రేరణ జేమ్సన్ అని కిప్లింగే చెప్పాడు. 1895 చివర్లో దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ మీదికి దండెత్తి ఓడిపోయి, జైలుకెళ్లిన మనిషి ఈ జేమ్సన్. ఓర్పు, ధైర్యం గురించిన నీతిపద్యంగా మనం చదివేది ఒక సామ్రాజ్యవాద సాహసికి పట్టిన హారతి. ఆ సంగతి పిల్లలకు కూడా చెప్పాలి.

1915లో కొడుకు జాన్ ఫ్రాన్స్‌లో లూస్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. చూపు సరిగా లేదని సైన్యం వద్దంటే, తండ్రే పలుకుబడి వాడి చేర్పించాడు. ఆ తర్వాత రాసిన కథల్లో లోతు పెరిగింది గానీ రాజకీయం మారలేదు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ కోసం ఒక లండన్ పత్రిక నిధి పోగుచేస్తే చందా ఇచ్చాడు. నాకు మాత్రం అతని మీద వచ్చిన విమర్శలన్నిటికంటే ఆ చందానే బరువుగా తోస్తుంది.

1936 జనవరిలో పోయేనాటికి మేధావులు అతన్ని పక్కన పెట్టేశారు. ఆ సందర్భంలో జార్జ్ ఆర్వెల్ రాసిన మాట ఒక్క మనిషి చదువరి జీవితాన్నంతా చూపిస్తుంది: పదమూడేళ్లప్పుడు కిప్లింగ్‌ను ఆరాధించాను, పదిహేడుకి అసహ్యించుకున్నాను, ఇరవైకి ఇష్టంగా చదివాను, పాతికేళ్లకు ఈసడించాను, ఇప్పుడు మళ్లీ కొంత మెచ్చుకుంటున్నాను. 1939లో ఐరిష్ కవి యేట్స్ మీద రాసిన స్మృతి కవితలో ఇంగ్లిష్ కవి ఆడెన్, బాగా రాసినందుకు కాలం కిప్లింగ్‌నూ అతని అభిప్రాయాలనూ క్షమించిందన్నాడు. తర్వాత ఆ చరణాన్ని తానే తీసేశాడు.

యుద్ధకాలంలో కిప్లింగ్ మళ్లీ చర్చలోకి వచ్చాడు. 1941లో కవి టి.ఎస్. ఎలియట్ అతని పద్యాలు ఏరి, పెద్ద ముందుమాటతో పుస్తకం వేశాడు. అదే ఏడాది అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ అతని చిన్ననాటి గాయాల్లోంచి రచనలను చదివి చూపించాడు. 1942లో ఆర్వెల్ ఎలియట్ పుస్తకానికి జవాబుగా రాసిన వ్యాసం, ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపిస్తుంది. ఆర్వెల్ బిహార్‌లో మోతీహారీలో పుట్టాడు, బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. సామ్రాజ్యం లోపల ఏముందో కళ్లారా చూసినవాడు. కిప్లింగ్ సామ్రాజ్యవాదే, నైతికంగా మొద్దుబారినవాడే అని మొదటే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వేలు విమర్శకుల వైపే తిప్పాడు. మనమందరం ఆసియా కూలీలను దోచుకుంటూనే బతుకుతున్నాం, వాళ్లకు విముక్తి కావాలని మనమే అంటాం, కానీ మన సుఖం సాగాలంటే దోపిడీ సాగాలి అన్నాడు. అయిదు సాహిత్య తరాల మేధావులు కిప్లింగ్‌ను చీదరించుకున్నారు, వాళ్లలో పదిలో తొమ్మిదిమందిని లోకం మరిచిపోయింది, కిప్లింగ్ ఇంకా ఉన్నాడు అని కూడా అన్నాడు.

ఇంతవరకు చెప్పుకున్న గొంతులన్నీ పాశ్చాత్యులవే. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ల గొంతులు కలిశాయి, అవీ ఒక్క తీరుగా లేవు. 1957లో నీరద్ చౌధురి, భారతదేశం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన కథల్లో కిప్లింగ్ నవల ‘కిమ్’ను మించింది లేదన్నాడు. 1983లో సామాజిక శాస్త్రవేత్త ఆశిష్ నంది, పాలించేవాడి మనసును కూడా వలసపాలన ఎలా చీల్చేస్తుందో చూపడానికి కిప్లింగ్ బాల్యాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. పాలస్తీనాలో పుట్టిన సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సైద్ 1987లో ‘కిమ్’ పెంగ్విన్ ముద్రణకు ముందుమాట రాసి, ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’ (1993)లో ఆ ముందుమాటలోని వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

1901లో వచ్చిన ఆ నవల మొదటి పేజీలోనే లాహోర్ మ్యూజియం ఎదుట జంజమా ఫిరంగి మీద కథానాయకుడు, లాహోర్ వీధుల్లో పెరిగిన తెల్ల అనాథ పిల్లవాడు కిమ్ ఎక్కి కూర్చుని ఉంటాడు. ఆ ఫిరంగి ఎవరి చేతిలో ఉంటే పంజాబ్ వాళ్లదని నానుడి. లాలా దీనానాథ్ కొడుకును తన్ని దించేశాడు, ఎందుకంటే పంజాబ్ ఇంగ్లిష్‌వాళ్లది, కిమ్ ఇంగ్లిష్‌వాడు అంటాడు రచయిత. పిల్లల ఆటలోనే రాజ్యం ఎవరిదో తేలిపోయింది. ఇంకాస్త ముందుకెళ్తే, 1857లో ఇంగ్లిష్‌వాళ్ల పక్షాన నిలిచిన ముసలి రిసాల్దారు (గుర్రపుదళ అధికారి) కనిపిస్తాడు. సైన్యానికి పిచ్చి పట్టి అధికారుల మీద తిరగబడింది అంటాడు. సైద్ పట్టుకున్నది ఇక్కడే. తిరుగుబాటుకు కారణమే లేనట్టు, అది ఉన్మాదం మాత్రమే అన్నట్టు, ఒక భారతీయుడి నోటే పలికించాడు కిప్లింగ్. అయినా సైద్ పుస్తకాన్ని పారేయమనలేదు. గొప్ప నవల అనే అన్నాడు.

నాకు సైద్ వాదన సరైనదే అనిపిస్తుంది. అయితే దాన్ని ఒప్పుకున్నాక కూడా చదవాల్సింది మిగిలే ఉంటుంది. కిప్లింగ్ మొదటి కథల పుస్తకం ‘ప్లెయిన్ టేల్స్ ఫ్రమ్ ద హిల్స్’లో తొలి కథ ‘లిస్పెత్’. కొండ ప్రాంతపు అమ్మాయి గాయపడిన ఇంగ్లిష్‌వాడిని మోసుకొచ్చి బతికిస్తుంది. పెళ్లి చేసుకోవడానికి తిరిగొస్తాడని నమ్ముతుంది. పాదిరి భార్య, అది అబద్ధమని తెలిసీ, వస్తాడనే చెబుతుంది. నెలలు గడిచి నిజం తెలిశాక లిస్పెత్ మీరంతా అబద్ధాలకోర్లని మొహం మీదే అనేసి, తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. కథలో తప్పంతా తెల్లవాళ్లదే. అదే లిస్పెత్ ‘కిమ్’ చివర్లో షామ్లేగ్ అనే కొండపల్లెలో అందరూ మాట వినే ఇల్లాలిగా మళ్లీ కనిపిస్తుంది. మాటిచ్చి తిరిగిరాని ఆ సాహెబును కిమ్ దగ్గర తలుచుకుంటుంది. ముసలి రిసాల్దారు 1857ను పిచ్చి అన్న పుస్తకం, ఈమె ఫిర్యాదు ఉన్న పుస్తకం ఒకటే.