‘చిత్రహింస’ అనడానికి 50 ఏళ్లు పట్టింది

తలకు నల్లని సంచి తొడుగుతారు. చేతులు పైకెత్తించి వేళ్లను గోడకు ఆనించి, కాళ్లు బాగా ఎడం చేయించి మునివేళ్ల మీద గంటల తరబడి నిలబెడతారు. చెవుల్లో ఆగని బుసలాంటి చప్పుడు. నిద్రపోనివ్వరు, సరిగా తిండి పెట్టరు, నీళ్లివ్వరు. 1971లో బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్‌లో విచారణ లేకుండా నిర్బంధించిన వందలాది మందిలోంచి 14 మందిని ఏరి, ఇలా నోరు విప్పించాలని చూశారు.

ఈ అయిదు పద్ధతుల గురించి ఏ అధికారిక పత్రంలోనూ రాసిపెట్టలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో బ్రిటిష్ నిఘా విభాగం పోలీసులకు నోటిమాటగానే నేర్పింది. కానీ అనుమతి ఉన్నత స్థాయి నుంచే వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే: ఎవరో దారి తప్పిన పోలీసు చేసిన పని కాదు, పాఠం చెప్పి చేయించిన పని.

1971 డిసెంబరులో ఐర్లండ్ ప్రభుత్వం ఐరోపా మానవ హక్కుల ఒప్పందం కింద బ్రిటన్‌పై ఫిర్యాదు చేసింది. అంతకుముందు గ్రీసు సైనిక పాలకులపై స్కాండినేవియా దేశాలు, నెదర్లాండ్స్ వేసిన కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు దాకా రాలేదు. రెండు దేశాల తగవులో ఆ కోర్టు తీర్పు చెప్పడం ఇదే మొదలు. ఈలోగా, 1972 మార్చిలో, ఆ పద్ధతులు ఇక వాడబోమని ప్రధాని ఎడ్వర్డ్ హీత్ పార్లమెంటులో ప్రకటించారు.

1976లో, ఫిర్యాదులను కోర్టుకన్నా ముందు పరిశీలించే ఐరోపా మానవ హక్కుల కమిషన్ ఇది చిత్రహింసేనని ఏకగ్రీవంగా తేల్చింది. 1978 జనవరి 18న కోర్టు మాత్రం వెనక్కి తగ్గింది. ఇది అమానుషం, అవమానకరం, ఒప్పందానికి విరుద్ధం. అయినా చిత్రహింస అనేంత తీవ్రత లేదని 13–4 మెజారిటీతో చెప్పింది. బ్రిటన్ దోషిగా తేలినా, ఆ మచ్చ మాత్రం పడలేదు. ఆ వెసులుబాటు సముద్రాలు దాటింది. 2002లో అమెరికా న్యాయశాఖ అధికారులు కఠిన విచారణ పద్ధతులను సమర్థిస్తూ రాసిన మెమోలో ఈ తీర్పునే ఉదహరించారు.

బాధితులపై పడిన దీర్ఘకాలిక మానసిక ప్రభావాన్ని బ్రిటన్ దాచిపెట్టిందంటూ 2014లో ఐర్లండ్ తీర్పు సవరణ కోరింది. 2018లో కోర్టు 6–1తో తిరస్కరించింది. చివరికి 2021 డిసెంబరులో, ఈ చర్యలు నేడు జరిగితే చిత్రహింసగానే పరిగణిస్తారని బ్రిటన్ సుప్రీంకోర్టు పేర్కొంది. 2023లో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ 14 మందిలో కొందరు కన్నుమూశారు.