థామస్ కప్పుకు పేరిచ్చిన ఆటగాడు

2022 మే 15న బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి భారత జట్టు బ్యాడ్మింటన్‌లో దేశాల జట్లు తలపడే థామస్ కప్‌ను తొలిసారి గెలిచింది. ఆ విజయాన్ని ఖాయం చేసిన మూడో మ్యాచ్ గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్‌ది కాగా, డబుల్స్ నెగ్గిన జోడీలో అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నారు. అలాంటి కప్పుకు పేరిచ్చిన సర్ జార్జ్ థామస్ విరాళం ఇచ్చి పేరు చెక్కించుకున్న ధనికుడు మాత్రమే అనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్లే.

ఆయన 1881లో ఇస్తాంబుల్ సమీపంలోని థెరాపియాలో జన్మించారు. పుణెలో బ్రిటిష్ సైనికాధికారులు ఆడిన ఆట ఇంగ్లండ్ చేరి, 1893లో అక్కడ సంఘం ఏర్పడి, 1899లో ఆల్ ఇంగ్లండ్ అనే బ్యాడ్మింటన్ పోటీలు మొదలైన కొద్ది కాలానికే ఆయన కోర్టులో దిగారు. 1903లో ఎథెల్ థామ్సన్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినది మొదలు, 1928లో ఫ్రాంక్ హాడ్జ్‌తో పురుషుల డబుల్స్ గెలిచే వరకు ఆయన సాధించిన ఆల్ ఇంగ్లండ్ టైటిళ్లు 21. వాటిలో సింగిల్స్ నాలుగే అయినా, నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1919 వరకు పోటీలే జరగలేదు. తిరిగి మొదలైన 1920లో, 38 ఏళ్ల వయసులో తొలి సింగిల్స్ టైటిల్ గెలిచిన ఆయన 1923 వరకు దాన్ని ఎవరికీ వదల్లేదు.

చదరంగం ఆయనకు తల్లి నుంచి వచ్చింది. ఆమె 1895లో హేస్టింగ్స్‌లో జరిగిన మహిళల టోర్నీ విజేత. కొడుకు 1923, 1934లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యారు. 1934-35 హేస్టింగ్స్ టోర్నీలోనైతే మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన బోట్వినిక్ ఇద్దరినీ ఓడించి, ఆనాటి మేటి ఆటగాళ్లు యూవె, ఫ్లోర్‌లతో కలిసి అగ్రస్థానంలో నిలిచారు.

అదే 1934లో తొమ్మిది దేశాల సంఘాలతో అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య ఏర్పడగా, తొలి అధ్యక్షుడిగా ఎన్నికై 1955 వరకు కొనసాగారు. టెన్నిస్‌లో డేవిస్ కప్ లాగా బ్యాడ్మింటన్‌కూ దేశాల మధ్య జట్టు పోటీ ఉండాలని ఆయన 1939లో కప్పును బహూకరించారు. మళ్లీ యుద్ధం అడ్డొచ్చింది. చివరకు 1949లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో జరిగిన తొలి ఫైనల్లో మలయా 8-1తో డెన్మార్క్‌ను ఓడించింది. అప్పట్లో ఒక్కో పోరులో తొమ్మిది మ్యాచ్‌లు ఆడేవారు. 1972లో థామస్ మరణించే నాటికి మలయా, దాని వారసురాలు మలేషియా, ఇండోనేషియా తప్ప మరే దేశమూ ఆ కప్పును అందుకోలేదు. ఇంగ్లండ్ ఇప్పటిదాకా ఫైనల్ కూడా చేరలేదు.