తూనీగలు చూడాలంటే వాన నుంచి లెక్కపెట్టాలి

తూనీగలు ఎప్పుడు కనిపిస్తాయని అడిగితే ఎవరైనా వానాకాలం అనేస్తారు. తప్పు కాదు గానీ, ఆ మాట నమ్ముకుని మృగశిర కార్తె తొలివానకే కెమెరా పట్టుకుని చెరువు గట్టెక్కితే పెద్దగా ఏమీ దొరకదు. ఆ సీజన్‌ తూనీగలు అప్పటికి ఇంకా గుడ్లుగానో, నీటి అడుగున పాకే పిల్లపురుగులుగానో ఉంటాయి.

తూనీగ బతుకులో ఎక్కువ భాగం నీళ్ళలోనే గడుస్తుంది. పిల్లపురుగు దోమ పిల్లల్నీ, చిన్న చిన్న తోకకప్పల్నీ తింటూ, కుబుసాలు విడుస్తూ పెరుగుతుంది. చలిదేశాల్లో కొన్ని జాతులకు ఇందుకు ఏళ్ళు పడుతుంది. మన వానగుంటల్లో అంత తీరిక ఎక్కడిది? గుంట ఎండేలోపే పైకి రావాలి. ఈ పందెంలో ఆరితేరింది పాంటాలా ఫ్లావెసెన్స్ అనే జాతి. పొలాల మీద, ఆటస్థలాల మీద గుంపులుగా తిరిగే పసుపు-బంగారు రంగు తూనీగ ఇదే. వెచ్చటి నీళ్ళలో దీని పిల్లపురుగు 38 నుంచి 65 రోజుల్లో పెరిగి రెక్కలు తొడుక్కుంటుంది.

కాబట్టి క్యాలెండర్ పక్కన పెట్టి, మీ ఊరి గుంట నిండిన రోజు నుంచి ఆరు నుంచి తొమ్మిది వారాలు లెక్కపెట్టండి. మృగశిరలో నిండితే పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో మొదటి విడత ఎగురుతుంది. వానలు ఆరుద్రకు జరిగిన ఏడు తూనీగలూ వెనక్కి జరుగుతాయి. ఆ మొదటి విడత పెట్టిన గుడ్ల నుంచి ఇంకో విడత వస్తుంది గనక, ఒక్క నెలే ఎంచుకోమంటే నేను సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి దాకా, అంటే హస్త, చిత్త కార్తెలు ఎంచుకుంటాను. చెరువులు నిండుగా ఉంటాయి, ముసురు తగ్గి ఎండ కాస్తుంది.

ఆ తర్వాత ఈ పసుపు గుంపులు పలచబడతాయి. అన్నీ చచ్చిపోయాయనుకోవద్దు. మాల్దీవుల్లో నివసించిన సముద్రజీవ శాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్‌కు ఒక సందేహం పట్టుకుంది. ఆ పగడపు దీవుల్లో పైకి కనిపించే మంచినీరు దాదాపు లేదు. మరి ఏటా అక్టోబరులో వేలకొద్దీ తూనీగలు ఎక్కడి నుంచి ఊడిపడుతున్నాయి? ఏళ్ళ తరబడి తేదీలు రాసుకుని 2009లో ఆయన తన జవాబు ప్రచురించాడు. భారత్ వైపు నుంచి వందల కిలోమీటర్ల సముద్రం దాటి వస్తున్నాయి, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయి అని. వెయ్యి మీటర్ల పైన వీచే ఈశాన్య గాలి వాటిని మోసుకుపోతుంది. 2012లో రెక్కల్లోని హైడ్రోజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న హైడ్రోజన్ పరమాణువులు; పెరిగిన చోటి నీటిని బట్టి వీటి పాళ్ళు మారతాయి) పరీక్షించిన మరో బృందం, మాల్దీవుల్లో దిగినవి ఉత్తర భారతంలోనో ఇంకా పైనో పుట్టాయని తేల్చింది. అవి వెళ్ళేసరికి తూర్పు ఆఫ్రికాలో వానలు, అంటే కొత్త గుంటలు. మళ్ళీ అదే లెక్క!

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళు ఈ లెక్కను కొంచెం మార్చుకోవాలి. అక్కడ అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో కూడా వెతకొచ్చు.

ఇక వానతో పెద్దగా పనిలేనివీ ఉన్నాయి. హైదరాబాద్ బండల మీద, ప్రహరీ గోడల మీద రాతి రంగులో అతుక్కుని కూర్చునే తూనీగను చాలామంది చూసి కూడా చూడరు. రాతి గుంటల్లో, సిమెంటు తొట్లలో పెరిగే ఈ జాతి ఏడాది పొడుగునా దొరుకుతుంది. మురుగు కాలువల పక్కన తిరిగే నారింజ రంగుదీ అంతే. కాకపోతే చలికాలంలో పొద్దెక్కి ఒళ్ళు వేడెక్కేదాకా ఇవి కదలవు.

రోజులో ఏ వేళ? తొమ్మిది నుంచి పదకొండు మంచి సమయం. మిట్టమధ్యాహ్నం కొన్ని తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి కూర్చుంటాయి. ఒంటి మీద ఎండ తక్కువ పడేందుకు ఆ ఆసనం. తూనీగలు కిందుగా ఎగిరితే వాన వస్తుందంటారు గానీ, నేనైతే ఆ మాట మీద ఆరేసిన బట్టలు తియ్యను.

ఓపికుంటే తెల్లవారకముందే చెరువుకు వెళ్ళి జమ్ము కాడల్ని చూడండి. రాత్రి పైకి పాకి, కుబుసం విడిచిన తూనీగలు పాలిపోయిన రంగుతో, జిగేల్మనే మెత్తటి రెక్కలతో వేలాడుతుంటాయి. అప్పుడు ముట్టుకుంటే ఆ రెక్కలు వంకరపోయి ఇక ఎగరలేవు. జాతి గుర్తుపట్టడానికి మాత్రం తొందరపడొద్దు. చెరువుల దగ్గర కనిపించే ఎర్ర తూనీగలో పోతు కూడా మొదట్లో పెట్టలాగే పసుపుగా ఉండి, కొన్ని రోజులు ముదిరాక ఎరుపెక్కుతుంది.