సోమాలియా అంతర్యుద్ధంలోకి మతం ఎలా వచ్చింది?

సోమాలియా రాజధాని మొగదిషులో బాంబు పేలిన ప్రతిసారీ మన పేపర్లలో ‘ఇస్లామిక్ ఉగ్రవాదులు’ అన్న మాటతో వార్త వస్తుంది, అంతటితో అయిపోతుంది. చదివినవాళ్లకి అక్కడ రెండు మతాలు కొట్టుకుంటున్నాయేమో అనిపిస్తుంది. కానీ సోమాలియాలో దాదాపు అందరూ సున్నీ ముస్లింలే. అత్యధికుల భాష కూడా ఒక్కటే, సోమాలీ. ఈ యుద్ధాన్ని మతం మొదలుపెట్టలేదు. కుప్పకూలిన ప్రభుత్వం ఖాళీ చేసిన చోటులోకి అది తర్వాత వచ్చి చేరింది.

తరతరాలుగా అక్కడ ఉన్నది సూఫీల ఇస్లాం. ఖాదిరియా, సాలిహియా లాంటి సూఫీ శాఖలు, ఔలియాల (పుణ్యపురుషుల) సమాధుల దగ్గర జియారత్‌లు, అంటే దర్శనాలు. హత్య జరిగినా, పశువుల దగ్గరో నీళ్ల దగ్గరో తగాదా వచ్చినా తెగ పెద్దలు చెట్టు కింద కూర్చుని, ‘హేర్’ అనే తమ కట్టుబాటు ప్రకారం తీర్చేవారు. పెళ్లిళ్లు, వారసత్వం మాత్రం షేక్, అంటే మతపెద్ద, చూసుకునేవాడు.

1969లో సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చిన సియాద్ బర్రె సోషలిజం ప్రకటించాడు. 1975లో ఆడవాళ్లకి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చాడు. చట్టం మంచిదే. కానీ మసీదుల్లో దాన్ని వ్యతిరేకించిన 10 మంది మతపండితులను కాల్చి చంపించాడు. ఒక న్యాయమైన చట్టానికి అంతకంటే పెద్ద ద్రోహం ఉండదు. మతంపై పట్టింపు ఉన్న యువకులు చాలామంది సౌదీకి, ఈజిప్టుకి వెళ్లిపోయారు. సూఫీ పద్ధతులను తప్పుపట్టే సలఫీ ఆలోచనలతో కొందరు తిరిగొచ్చారు.

అయినా బర్రెని కూలదోసింది వాళ్లు కాదు. 1977-78లో ఇథియోపియాతో ఓగాడెన్ యుద్ధంలో ఓడాక అతని పాలన పూర్తిగా తెగల లెక్కల మీదే నడిచింది. 1988లో సొంత దేశంలోని హర్గెయిసా నగరం మీదే బాంబులు వేయించాడు. చివరికి 1991 జనవరిలో తెగల సాయుధ ముఠాలు అతన్ని తరిమేశాయి. ఆ వెంటనే మొగదిషు కోసం ఆ ముఠాల నాయకులు అయిదీద్, అలీ మహ్దీ కొట్టుకున్నారు. ఇద్దరూ హవియె తెగవాళ్లే.

అసలు మలుపు ఇక్కడుంది. పోలీసు లేడు, జడ్జి లేడు, వీధి వీధికీ తుపాకీ పట్టుకుని డబ్బు వసూలు చేసే చెక్‌పోస్టులు. 1994లో ఉత్తర మొగదిషులో షరియా కోర్టు పెట్టారు. చేతులు నరికిన శిక్షలూ ఉన్నాయి, అయినా జనం ఆదరించారు. దొంగతనాలు తగ్గితే చాలనుకున్న వ్యాపారులు తర్వాతి కాలంలో ఇలాంటి కోర్టులకి డబ్బిచ్చారు. కానీ ఒక్కో కోర్టు ఒక్కో తెగది. వేరే తెగ దొంగని ముట్టుకోవాలంటే ఆ తెగ ఒప్పుకోవాలి. షరియా పేరుతో నడిచినా ఆ కోర్టు బలం తెగ బలమే.

ఆ కోర్టులన్నీ కలిసి 2006 జూన్‌లో మొగదిషుని గెలిచాయి. ఎదురుగా నిలిచిన వార్‌లార్డులకి (సాయుధ ముఠాల నాయకులకి) డబ్బిచ్చింది అమెరికా సీఐఏ. చెక్‌పోస్టులు పోయాయి, ఏళ్లుగా మూతపడ్డ విమానాశ్రయం, ఓడరేవు తెరుచుకున్నాయి. సినిమాల మీద, మత్తుకోసం నమిలే ఖాత్ ఆకు మీద ఆంక్షలూ వచ్చాయి. కోర్టుల కూటమిలో షేక్ షరీఫ్ అహ్మద్ లాంటి మితవాదులు ఉన్నారు, హసన్ దాహిర్ అవెయిస్ లాంటి కరడుగట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరిది పైచేయి అవుతుందో తేలకముందే, డిసెంబర్‌లో అమెరికా అండతో ఇథియోపియా సైన్యం దిగింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి ఖరీదైన తప్పు అదే. మితవాదులు దేశం వదిలిపోయారు. కోర్టుల్లో చిన్న విభాగంగా ఉన్న అల్-షబాబ్, పరాయి సైన్యంతో పోరాడే దళంగా పేరు తెచ్చుకుంది.

2009లో అదే షేక్ షరీఫ్ అధ్యక్షుడయ్యాడు, పార్లమెంటు షరియాని ఆమోదించింది. షబాబ్ యుద్ధం ఆపలేదు. సూఫీ సమాధుల్ని కూల్చింది. దాంతో అప్పటిదాకా ఆయుధం పట్టని సూఫీలు కూడా అహ్లు సున్నా పేరుతో తుపాకులు ఎత్తారు. 2011 కరువులో షబాబ్ తన ప్రాంతాల్లోకి చాలా సహాయ సంస్థల్ని రానివ్వలేదు. ఆ కరువులో సుమారు 2,60,000 మంది పోయారు. అందులో సగం మంది అయిదేళ్లలోపు పిల్లలు. చనిపోయినవాళ్లూ ముస్లింలే, అడ్డుపడ్డవాళ్లూ ముస్లింలే. 2017 అక్టోబర్ 14న మొగదిషులో ట్రక్కు బాంబుకి 500 మందికి పైగా బలయ్యారు.

షబాబ్ ఇంకా నిలబడి ఉండటానికి భయం ఒక్కటే కారణం కాదు. లారీ డ్రైవర్ దాని చెక్‌పోస్టు దగ్గర పన్ను కడితే రసీదు ఇస్తారు, తర్వాతి షబాబ్ పోస్టులో ఆ రసీదు చూపిస్తే చాలు. ప్రభుత్వ బలగాల చెక్‌పోస్టుల్లో మాత్రం ప్రతిచోటా చెయ్యి తడపాలి. 2022లో ప్రభుత్వం షబాబ్ మాజీ ఉపనాయకుడు ముఖ్తార్ రోబోకే మత వ్యవహారాల శాఖ ఇచ్చింది. షబాబ్ చెప్పే మతం తప్పని అతని నోటితోనే చెప్పించాలన్నది ఆలోచన. కానీ స్థలం తగాదా వస్తే మొగదిషులో ఉన్నవాళ్లే కొందరు ఊరు దాటి షబాబ్ కోర్టుకి వెళ్తున్నారు. అక్కడ లంచం అడగరు, తీర్పు కచ్చితంగా అమలవుతుంది.